పొద్దుండగానే చేరుకోండి



ఆస్ట్రేలియా ఖండం నడిమధ్యన కార్లు కార్లు అనే చోటు ఉంది. ఇంగ్లిష్‌లో దాన్ని డెవిల్స్ మార్బుల్స్ అంటారు. అక్కడ నేలంతా ఎర్రగా ఉంటుంది. ఆ నేల మీద గుండ్రటి బండరాళ్లు పరుచుకుని ఉంటాయి. కొన్ని మోకాలెత్తు ఉంటాయి. కొన్ని మూడు నిలువుల ఎత్తు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి నిలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయేమో అనిపిస్తాయి. ఆ రాళ్ల పక్కనే టెంట్ వేసుకుని రాత్రి పడుకోవచ్చు. అందుకోసమే ఏటా ఎంతోమంది అక్కడికి వెళ్తారు. ఆస్ట్రేలియాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలూ వెళ్తున్నాయి. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మరీ వెళ్తున్నాయి.

వెళ్లండి. తప్పకుండా చూడాల్సిన చోటే అది. అయితే ఇవాళ మీకు ఒక్క మాట చెప్పాలని వచ్చాను. అక్కడికి పొద్దుండగానే చేరుకోండి. సాయంత్రానికి కాదు, చీకటి పడే వేళకు కాదు. ఎండ ఇంకా ఉండగానే, మధ్యాహ్నం మూడు గంటల లోపే చేరుకోండి. ఈ ఒక్కటి పాటిస్తే మిగతావన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. ఇది తప్పితే ఎంత సరంజామా మోసుకెళ్లినా ఇబ్బందే.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెప్తాను. ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్ నగరం ఉంది. దక్షిణాన పోర్ట్ అగస్టా ఉంది. ఈ రెంటినీ కలుపుతూ స్టువర్ట్ హైవే పోతుంది. దాని పొడవు 2,700 కిలోమీటర్ల పైమాటే. ఆ దారి మధ్యలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్నం వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 400 కిలోమీటర్లు వెళ్తే కార్లు కార్లు. ఇంకో వంద కిలోమీటర్లు వెళ్తే టెనెంట్ క్రీక్ అనే చిన్న ఊరు. హైవే ఆ రాళ్ల పక్కనుంచే పోతుంది. మామూలు కారు చాలు. పెద్ద జీపులేమీ అక్కర్లేదు.

చాలామంది ముందు ఉలురు అనే పెద్ద రాతికొండను చూసి, ఆ తర్వాత కార్లు కార్లుకు వస్తారు. ఉలురు దగ్గర పార్కు లోపల రాత్రి ఉండనివ్వరు. బయట యులారా అనే ఊళ్లో బస చేయాలి. కార్లు కార్లు దగ్గర అలా కాదు. రాళ్లకు కూతవేటు దూరంలోనే క్యాంపింగ్ స్థలం ఉంది. టెంట్ జిప్పు తీసి తల బయట పెడితే ఎదురుగా రాళ్లే. ఇంత దగ్గరగా పడుకునే అవకాశం ఉంది కాబట్టే, ఎలా వెళ్లాలో ఎలా ఉండాలో తెలుసుకుని వెళ్లాలి.

ఇక పొద్దుండగానే ఎందుకు చేరాలి? మొదటి కారణం రోడ్డు.

ఆ రోడ్డు చూడ్డానికి చాలా బాగుంటుంది. తిన్నగా ఉంటుంది. గోతులుండవు. రద్దీ ఉండదు. చాలాచోట్ల గంటకు 130 కిలోమీటర్ల వేగం వరకూ అనుమతి ఉంది. పగలు హాయిగా వెళ్లిపోవచ్చు. కానీ రెండు పక్కలా చాలాచోట్ల కంచె ఉండదు. పొద్దు వాలగానే కంగారూలు మేతకు బయటికొస్తాయి. పశువులు రోడ్డు దాటుతుంటాయి. చీకట్లో నల్లటి ఆవు నిలబడితే కనిపించదు. హెడ్‌లైటు వెలుగు దాని మీద పడేసరికి మనం దాని దగ్గరికి వచ్చేసి ఉంటాం.

ఒక్కసారి లెక్క చూడండి. 130 వేగంతో వెళ్తున్న కారు ఒక్క సెకనులో 36 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని కళ్లు పోల్చుకోవాలి. కాలు బ్రేకు మీద పడాలి. దానికే సెకనో సెకనున్నరో పడుతుంది. ఆలోపే 50 మీటర్లు దాటేశాం. బండి ఆగడం ఇంకా మొదలే కాలేదు. అందుకే అక్కడ ఉండే వాళ్లెవరూ అత్యవసరమైతే తప్ప రాత్రిపూట హైవే ఎక్కరు. అద్దె కార్లు తీసుకున్న వాళ్లయితే ఒప్పందం కాగితం చదువుకోండి. ఊళ్ల బయట రాత్రి నడపకూడదని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఆ షరతు మీరి ప్రమాదంలో పడితే బీమా వర్తించకపోవచ్చు.

ఆ దారిలో రోడ్ ట్రెయిన్లు కూడా తిరుగుతాయి. ఒకే లారీ వెనక మూడేసి ట్రెయిలర్లు తగిలించి ఉంటాయి. పొడవు 53 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని దాటాలంటే ముందు రోడ్డు కిలోమీటరుకు పైగా ఖాళీగా కనిపించాలి. అంత దూరం పగటి వెలుతురులోనే కనిపిస్తుంది. ఎంత ఆలస్యమవుతున్నా సరే, రోడ్డు స్పష్టంగా కనిపించకపోతే దాని వెనకే నెమ్మదిగా వెళ్లండి. ఆలస్యమవుతుందన్న కంగారే ఉండకూడదంటే పొద్దున్నే బయలుదేరాలి.

అక్కడ జూన్, జూలై నెలల్లో సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆ తర్వాత అరగంటలో చీకటి కమ్మేస్తుంది. కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. ఆరింటికి పొద్దు గూకుతుంది. కంగారూలు అంతకు ముందే కదులుతాయి. అక్కడికి చేరాక మనకు మూడు గంటల వెలుతురు కావాలి. అంటే మూడింటికల్లా అక్కడుండాలి. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ప్రయాణం నాలుగున్నర గంటలు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మధ్యలో ఆగడానికి ఇంకో రెండు గంటలు కలపండి. అంటే ఎనిమిదింటికి కారు కదలాలి. ఎనిమిదిన్నర దాటకూడదు.

సుమారు 190 కిలోమీటర్ల దగ్గర టీ ట్రీ అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ ఆగండి. కాళ్లు చాపుకోండి. పెట్రోలు సగం ఉన్నా సరే, నింపుకోండి. తర్వాత నింపుకుందాంలే అనుకోవద్దు. ఊరు దాటాక చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ కూడా ఉండదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి ఫోన్ చేస్తారో ముందే ఇంట్లో ఒకరికి చెప్పి పెట్టండి.

ఇంకో సంగతి. క్యాంపింగ్ స్థలాన్ని ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. కార్లు కార్లు ఉన్న నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతపు పార్కుల శాఖ వెబ్‌సైటులో ఆ వీలుంది. రుసుములు, పాసుల నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి. బయలుదేరే వారంలో మరోసారి చూసుకోండి. అక్కడికి వెళ్లాక ఫోనులో చేసుకుందాం అంటే సిగ్నల్ దొరక్కపోవచ్చు.

రెండో కారణం నీళ్లు. కార్లు కార్లు దగ్గర తాగునీరు లేదు. మళ్లీ చెప్తున్నాను. అక్కడ తాగునీరు లేదు. కుళాయి ఉంటుందనుకుని ఖాళీ సీసాలతో వెళ్లొద్దు. కరెంటు లేదు. దుకాణం లేదు. దగ్గరున్న రోడ్‌హౌస్, అంటే దారి పక్క పెట్రోలు, తిండి దొరికే చోటు, సుమారు పది కిలోమీటర్ల దూరం. పగలు ఏదైనా మరిచిపోయామని తెలిస్తే అక్కడి దాకా వెళ్లి రావచ్చు. రాత్రి తెలిస్తే ఆ పది కిలోమీటర్లే ప్రమాదం. పొద్దుండగా చేరితే సామాను దించుతూనే ఏది ఉందో ఏది లేదో తెలిసిపోతుంది. సరిదిద్దుకోవడానికి టైముంటుంది.

నలుగురున్న కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, ఒక పాప, ఊరి నుంచి వచ్చిన అత్తగారు. తాగడానికే మనిషికి రోజుకు ఐదు లీటర్లు అనుకోండి. నలుగురికి ఇరవై. వంట చేస్తే బియ్యం కడగాలి, పప్పు కడగాలి, గిన్నెలు తోమాలి. దానికి పది లీటర్లు ఇట్టే అయిపోతాయి. పొద్దున్నే మొహాలు కడుక్కోవాలి. మరుగుదొడ్డికి కూడా నీళ్లు కావాలి. అక్కడ ఉన్నవి గుంత మరుగుదొడ్లు. లోపల నీళ్లుండవు. మన వాళ్లకు నీళ్లు లేకుండా కుదరదు కదా. సీసాలో పట్టుకెళ్లాలి. వీటికి ఇంకో పది. మొత్తం నలభై లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. ఇవి కాక కారులో ఇంకో పది లీటర్లు విడిగా ఉంచండి. కారు దారిలో ఆగిపోతే తాగడానికి అవి. వాటిని ఇంకెందుకూ ముట్టుకోవద్దు.

నీళ్లు పొదుపు చేసే మార్గం మన వంటింట్లోనే ఉంది. ముందురోజు రాత్రి బస చేసిన చోటే పులిహోర కలుపుకోండి. చపాతీలు చేసుకోండి. కాస్త పచ్చడి, వేయించిన పల్లీలు పెట్టుకోండి. అక్కడికెళ్లాక టీ కాచుకోవడం తప్ప వంట పెట్టుకోకండి. పది లీటర్ల నీళ్లు మిగులుతాయి. దాంతోపాటు గంటన్నర వెలుతురు కూడా మిగులుతుంది. ఆ వెలుతురు కోసమే కదా మనం ఇంత తొందరగా వచ్చింది.

మూడో కారణం టెంట్. టెంట్ వెలుతురులో వేయాలి. ఆ నేల గట్టిది. కంకర, గులకరాళ్లు. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి మేకులు వంగిపోతాయి. గట్టి ఇనుప మేకులు, ఒక సుత్తి కారులో వేసుకోండి. టెంట్ వేసే ముందు నేల చూడండి. చీమలపుట్ట ఉందా? రాయి పొడుచుకుని ఉందా? వాన వస్తే నీళ్లు పారే వాలు ఉందా? పైన చెట్టుకొమ్మ ఉందా? గమ్ చెట్ల కొమ్మలు గాలి లేకపోయినా విరిగిపడుతుంటాయి. వాటి కింద పడుకోవద్దు. ఇవన్నీ టార్చి వెలుగులో కనిపించేవి కావు.

చుట్టూ స్పినిఫెక్స్ అనే గడ్డి దుబ్బులు దుబ్బులుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే మెత్తగా కూర్చోవచ్చనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఆకుల కొసలు సూదుల్లాగా గుచ్చుకుంటాయి. పిల్లలకు పాదాలు పూర్తిగా మూసే బూట్లు వేయండి. చెప్పులతో పంపొద్దు. టెంట్ దగ్గర నుంచి మరుగుదొడ్డి దాకా అత్తగారిని ఒకసారి వెలుతురులోనే నడిపించి చూపించండి. రాత్రి రెండింటికి లేచినప్పుడు ఆమెకు దారి తెలిసి ఉంటుంది. చిన్న విషయమే. కానీ పరాయి దేశంలో, కొత్త చోట, పెద్దవాళ్లకు అదెంతో ధైర్యం.

టెంట్ వేయడం అయిపోయింది. ఇంకా గంటన్నర వెలుతురుంది. ఇప్పుడు నడవండి. ఇరవై నిమిషాల చిన్న బాట ఉంది. పెద్దవాళ్లు కూడా నడవగలరు. గంటన్నర పట్టే పొడుగు బాట కూడా ఉంది. ఎత్తయిన చోటికి తీసుకెళ్లే బాట ఇంకొకటి ఉంది. అక్కడి నుంచి చూస్తే లోయ మొత్తం రాళ్లు.

నడుస్తున్నప్పుడు పెద్ద గుండు కింది భాగం ఒకసారి వంగి చూడండి. నేలకు తగలకుండా వాలి ఉన్న చోట మట్టి గూళ్లు కనిపిస్తాయి. ఒక్కో గూడు సీసా ఆకారంలో ఉంటుంది. సన్నటి మెడ, దాని చివర చిన్న బెజ్జం. ఫెయిరీ మార్టిన్ అనే చిన్న పిట్టలు బురదను ముక్కుతో తెచ్చి, ముద్ద ముద్దగా అంటించి కట్టిన గూళ్లవి. బాగా చూస్తే ఒక్కో ముద్ద ఒక్కో బొడిపెలా తెలుస్తుంది. వాటిని ముట్టుకోవద్దు. రాళ్ల సందుల్లో ఉడుములుంటాయి. మన ఉడుముకు దగ్గరి చుట్టాలే అవి. మనం కదలకుండా నిలబడితే అవి తల బయటపెట్టి చూస్తాయి.

ఈ రాళ్లిలా గుండ్రంగా ఎలా అయ్యాయి? చిన్నప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కలనో, నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో పెరిగిన వాళ్లకు ఈ రాళ్లు కొత్తగా అనిపించవు. మన దగ్గర ఇలాంటి గుండ్లు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఆ పోలిక ఊరికే కుదిరింది కాదు. రెండు చోట్లా గ్రానైటే. రెండు చోట్లా రాయి అదే పద్ధతిలో గుండ్రబడింది.

భూమి లోతుల్లో కరిగిన శిల పైకి ఉబికింది. నేల మీదికి రాకుండానే లోపలే నెమ్మదిగా చల్లబడి గ్రానైటుగా గట్టిపడింది. కార్లు కార్లు దగ్గర ఇది జరిగి సుమారు 170 కోట్ల సంవత్సరాలైంది. దాని పైన ఇసుకరాతి పొరలుండేవి. గాలికీ వానకీ అవి అరిగిపోయాయి. పై బరువు తగ్గేసరికి గ్రానైటు కాస్త వ్యాకోచించింది. అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి. పెద్ద పెద్ద చదరపు దిమ్మెలుగా విడిపోయింది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. దిమ్మె మూలల దగ్గర నీళ్లు మూడు వైపుల నుంచీ తగులుతాయి. అందుకే మూలలు ముందు అరిగాయి. తర్వాత అంచులు అరిగాయి. చదరంగా ఉన్నది గుండ్రమైంది. పగటి వేడికి, రాత్రి చలికి పైపొర సాగుతూ ముడుచుకుంటూ పెచ్చులుగా ఊడుతుంది. ఇప్పటికీ ఊడుతూనే ఉంది. కొన్ని రాళ్లు నడిమికి రెండుగా చీలి నిలబడి ఉంటాయి. ఆ చీలిక పక్కన నిలబడి ఫొటో దిగని వాళ్లుండరు.

హైదరాబాద్ రాళ్లయితే ఇంతకంటే పాతవి. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటిని కాపాడుకోవడానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ హైదరాబాద్‌లో ఏర్పడింది. అయినా మన కళ్ల ముందే ఎన్నో గుట్టలు కంకరైపోయాయి. కార్లు కార్లు దగ్గర నిలబడితే మన రాళ్ల విలువ కూడా తెలిసొస్తుంది. పిల్లలకు ఆ మాట అక్కడే చెప్పండి. వాళ్లకు గుర్తుండిపోతుంది.

నాలుగో కారణం అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ నేల ఖాళీ నేల కాదు. దానికి మనుషులున్నారు. కైటెట్యె, అల్యవార, వరుముంగు, వాల్‌పిరి అనే నాలుగు ఆదివాసీ సమూహాలకు ఆ చోటుతో సంబంధం ఉంది. వాళ్లకది పవిత్రస్థలం. చట్టం కూడా దాన్ని పవిత్రస్థలంగా గుర్తించింది. 2008 అక్టోబర్‌లో ఆ భూమి యాజమాన్యాన్ని ప్రభుత్వం వాళ్లకు తిరిగి అప్పగించింది. వాళ్లు దాన్ని 99 ఏళ్లకు పార్కుల శాఖకు లీజుకిచ్చారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి చూసుకుంటున్నారు. అంటే ఆ రాత్రి మనం అక్కడ పడుకుంటున్నామంటే వాళ్లు మనల్ని రానిచ్చారు కాబట్టి.

మన ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. చుట్టాలింటికి వెళ్తే పొద్దుండగా వెళ్తాం. ఇంటివాళ్లు మేలుకుని ఉండగా, గడప కనిపిస్తుండగా వెళ్తాం. ఎక్కడ కాళ్లు కడుక్కోవాలో, దేవుడి గది ఎటో, ఏ గదిలోకి వెళ్లకూడదో చూసుకుని మసలుతాం. అర్ధరాత్రి వెళ్లి చీకట్లో తడుముకుంటే ఏది తొక్కుతామో తెలియదు. కార్లు కార్లు దగ్గరా అంతే. అక్కడ ఆ నేల మనుషులు చెప్పిన సంగతులు బోర్డుల మీద రాసి పెట్టారు. ఎటు నడవాలో, ఏం చేయకూడదో రాశారు. వెలుతురుంటే చదువుతాం. చదివితే పాటిస్తాం.

వాళ్లు అడిగేది పెద్దదేం కాదు. గుండ్ల మీదికి ఎక్కవద్దంటారు. బాట దాటి వెళ్లవద్దంటారు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. చిన్న రాయి కూడా జ్ఞాపకంగా తీసుకెళ్లకూడదు.

ఒక్క రాయి తీస్తే ఏమవుతుందని అడిగే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. జాన్ ఫ్లిన్ అనే ఆయన ఉండేవారు. దూరప్రాంతాల్లో వైద్యం అందని జనం కోసం 1928లో విమానాల్లో డాక్టర్లను పంపే సేవను మొదలుపెట్టిన మహానుభావుడు. ఆయన 1951లో పోయారు. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఆయన సమాధి ఉంది. దాని మీద పెట్టడానికి 1950ల మొదట్లో కార్లు కార్లు నుంచి ఒక పెద్ద గుండును తీసుకెళ్లారు. ఆ నేల వాళ్ల అనుమతి తీసుకోలేదు. పెట్టింది మంచి మనిషి సమాధి మీదే. అయినా అది వాళ్ల పవిత్రస్థలం నుంచి తీసింది. వాళ్లు దాన్ని మరిచిపోలేదు. దశాబ్దాల పాటు అడుగుతూనే ఉన్నారు. చివరికి 1990ల ఆఖరులో ఆ గుండు తిరిగి తన చోటికి వచ్చింది. ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరెర్న్‌టె ప్రజలు తమ నేల నుంచి వేరే రాయిని ఫ్లిన్ సమాధి కోసం ఇచ్చారు. ఇటు ఆ నేల గౌరవం నిలిచింది. అటు ఫ్లిన్ గౌరవమూ నిలిచింది. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. జేబులో రాయి వేసుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఇక పొద్దు గూకుతుంది. పొద్దంతా తుప్పురంగులో ఉన్న గుండ్లు నారింజ రంగుకు తిరుగుతాయి. తర్వాత ముదురు ఎరుపు. ఆ గ్రానైటు పైపొరలో ఇనుము ఉంది. అది తుప్పుపట్టి ఆ రంగు వచ్చింది. పల్చటి సాయంకాలపు వెలుగు పడేసరికి ఆ ఎరుపు ఇంకా తేలుతుంది. పొద్దుండగా వచ్చిన వాళ్లు అప్పటికి టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆలస్యంగా వచ్చిన వాళ్లు ఆ టైములో కారు డిక్కీలో మేకులు వెతుక్కుంటుంటారు. అంత దూరం వచ్చి ఆ పావుగంట పోగొట్టుకోవద్దు.

నిప్పు వేయాలనుకుంటే అక్కడ కట్టిపెట్టిన పొయ్యిల్లోనే వేయండి. కట్టెలు లోపల ఏరకూడదు. ఎండు కొమ్మల్లో పురుగులు, బల్లులు ఉంటాయి. అవి వాటి ఇళ్లు. కట్టెలు బయటి నుంచే తెచ్చుకోవాలి. గాలి, ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో నిప్పు పూర్తిగా నిషేధిస్తారు. బయలుదేరే ముందు అది కూడా కనుక్కోండి.

భోజనాలయ్యాక గిన్నెలు, తిండి, చెత్త అన్నీ కారులో పెట్టి తలుపు వేయండి. బూట్లు కూడా బయట వదలొద్దు. డింగోలు అనే అడవి కుక్కలు రాత్రిపూట తిరుగుతాయి. వాసన పట్టి వస్తాయి. పాపం అని చపాతీ ముక్క వేయకండి. మనిషి చేతి తిండికి అలవాటు పడిన డింగో తర్వాత మనుషుల మీదికి వస్తుంది. చివరికి దాని ప్రాణానికే ముప్పు వస్తుంది. చిన్న పిల్లలను ఒంటరిగా మరుగుదొడ్డికి పంపొద్దు.

చలి సంగతి కూడా చెప్తాను. దగ్గరున్న టెనెంట్ క్రీక్‌లో జూలైలో పగలు సగటున 25 డిగ్రీలుంటుంది. రాత్రి 12 డిగ్రీలకు దిగుతుంది. కొన్ని రాత్రులు ఇంకా కిందికి పోతుంది. ఎడారి కదా, చలేముంటుందని అనుకోవద్దు. బయలు నేల మీద, గాలిలో, పల్చటి టెంట్‌లో ఆ చలి ఎముకలకు తగులుతుంది. స్వెట్టరు, మఫ్లరు, మంచి స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకోవడానికి మందమైన పరుపు ఉండాలి. వెళ్లడానికి మంచి నెలలు మే నుంచి ఆగస్టు దాకా. డిసెంబరు, జనవరిలో పగలు 40 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ నెలల్లో టెంట్ ఆలోచనే పెట్టుకోవద్దు.

దీపాలన్నీ ఆర్పాక పైకి చూడండి. దక్షిణాన త్రిశంకు నక్షత్రాలు కనిపిస్తాయి. మన హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చూస్తే అవి దిగంతానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉంటాయి. అక్కడ బాగా పైకి వచ్చి స్పష్టంగా నిలబడతాయి. జూలైలో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో వృశ్చికరాశి దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. అందులో ఎర్రగా మెరిసేది జ్యేష్ఠా నక్షత్రం. దాని పక్కనుంచే పాలపుంత ఆకాశమంతా పరుచుకుంటుంది. ధ్రువ నక్షత్రం మాత్రం ఎంత వెతికినా దొరకదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాం కదా. మన పంచాంగం ఎరిగిన పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ రాత్రి వాళ్లే గురువులు. పిల్లలను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. వృశ్చికం తోక ఎక్కడుందో వాళ్లను చూపించమనండి.

తెల్లవారుతుంది. ఇక్కడ కూడా అదే మాట. బయలుదేరడం కూడా పొద్దు పొడిచాకే. తొందరగా వెళ్లిపోదామని నాలుగింటికి చీకట్లో కారు తీయొద్దు. సాయంత్రం రోడ్డు మీద ఉన్న కంగారూలే తెల్లవారుజామునా ఉంటాయి. వెలుతురు బాగా వచ్చే దాకా ఆగండి. ఆ గంటలో రాళ్ల మీద ఉదయపు ఎండ పడుతుంది. బాట మీద ఇంకోసారి నడవండి. జీబ్రా ఫించ్ పిట్టలు గుంపులుగా వస్తాయి. టెంట్ విప్పండి. మేకులు పీకిన గుంతలు కాలితో పూడ్చండి. చెత్త మొత్తం మీతోనే తీసుకెళ్లండి. పల్లీ తొక్క కూడా వదలొద్దు.

చివరిగా ఇంకోసారి. మధ్యాహ్నం మూడింటికల్లా చేరుకోండి. నలుగురికి నలభై లీటర్ల నీళ్లు, కారులో ఇంకో పది. తిండి ముందురోజే వండుకోండి. టెంట్ వెలుతురులో వేయండి. బోర్డులు వెలుతురులో చదవండి. చీకటి పడ్డాక కారు కదపొద్దు. తెల్లగా తెల్లవారాకే బయలుదేరండి. దారిలో ఏ కారణంతోనైనా ఆలస్యమై, మూడింటికి చేరలేమని తెలిస్తే, ఆ రాత్రికి దారిలో ఉన్న ఊళ్లోనే ఆగిపోండి. బుకింగ్ డబ్బులు పోతే పోనీయండి. 170 కోట్ల ఏళ్లుగా ఉన్న ఆ రాళ్లు మర్నాడు కూడా అక్కడే ఉంటాయి. మీ ఇంటిల్లిపాదీ క్షేమంగా వెళ్లి వాటిని చూడాలన్నదే నా కోరిక.